వీపు కింద బొంత

ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఇంట్లో ఉండేది కాదు. మెయిన్ రోడ్డులో మెట్లెక్కి, చెప్పులు బయట విడిచి, ప్లైవుడ్ గదిలో కూర్చుని చూసి రావాలి. అక్కడినుంచి ఒక కాగితం ప్రింటు తీయించుకొచ్చినవాడి మాటకి ఎదురుండేది కాదు. కాగితం మీద ఇంగ్లీషులో ఉంటే అది నిజమేనని నేను మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. అర్థం కాకపోతే మరీ నమ్మేవాణ్ణి. నా ఇరవై రెండో ఏట, ఒక డిసెంబరు నెలలో, కొండ మీద నేను పడిన పాట్లలో సగం ఈ నమ్మకం వల్ల వచ్చినవే. మిగతా సగం నా సొంతం.

డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం వాన కొలవడం. నవ్వకండి. రావికమతం దాటాక మొదలయ్యే కొండల్లో ఏదో కట్టాలని ఒక కంపెనీ అనుకుంది. కట్టేముందు అక్కడ ఎంత వాన పడుతుందో తెలుసుకోవాలని ఒక రెయిన్ గేజ్ పెట్టింది. (చూడ్డానికి పాలక్యానులా ఉంటుంది. పైన గరాటు, లోపల సీసా, చుట్టూ మేకలు రాకుండా కంచె.) రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి సీసాలో నీళ్ళు కొలిచి పుస్తకంలో రాయాలి. ఒక్క రోజు తప్పినా ఉద్యోగం ఊడుతుందని కంపెనీ ఇంజనీరు గారు చేర్చుకున్ననాడే చెప్పారు. ఈలోగా మా అమ్మ ఆదివారం చర్చిలో లేచి నిలబడి, "మావోడికి దేవుడు వానల ఆపీసులో ఉద్యోగం ఇచ్చేడు" అని సాక్ష్యం చెప్పేసింది. ఆ మర్నాటినుంచి మా పేటలో వడియాలు పెట్టుకునేవాళ్ళు కూడా నన్నడిగే పెట్టుకునేవారు. ఇంత పేరొచ్చాక కొండ దిగి వచ్చేస్తే చర్చిలో ఏ బెంచీ మీద కూర్చోను?

కొండ మీద కంపెనీవాళ్ళిచ్చిన గుడారం ఉండేది. మొదటి చినుక్కే దాని అడుగున కాలవ పారింది. మర్నాడు నా బూటులోంచి తేలు దిగింది. అందుకని నేల మీద పడుకోకూడదని నిర్ణయించుకుని, ఆ పూట కొలత రాసేసి, రాజయ్యపేటలో ఉన్న మా పిన్ని భర్త దగ్గరికి వెళ్ళాను. బాబాయి సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే మనిషి. వలతాడుతో నాకొక ఉయ్యాల అల్లిపెట్టి, దాన్ని అటూ ఇటూ లాగి చూసి, "నానిన్నేళ్ళూ వలలో సేపల్ని ఏసేను గానీ మనిసిని ఏయనేదురా" అన్నాడు. రెండు పనస చెట్ల మధ్య దాన్ని కట్టి, పైన కప్పులా టార్పాలిన్ పరిచి, నాలుగు తాళ్ళతో బిగించాను. తేళ్ళ బాధ తీరింది. చలి బాధ మొదలైంది.

ఆ చలి సంగతే నాకు అర్థం కాలేదు. పైన మూడు రగ్గులు కప్పుకున్నాను. పొట్ట వెచ్చగా ఉంది, మోకాళ్ళు వెచ్చగా ఉన్నాయి, వీపు మాత్రం మంచుగడ్డ మీద పెట్టినట్టుంది. ఒక రగ్గు తీసి వీపు కింద పరుచుకున్నాను. తేడా లేదు. రెండోది పరిచాను. ఇప్పుడు పొట్ట కూడా చల్లబడింది. బోర్లా పడుకుంటే చలి పొట్టకి మారింది, వీపు బాగుంది. అంటే చలి కిందనుంచి వస్తోందన్నమాట. గాల్లో వేలాడుతున్నవాడికి కిందనుంచి చలి ఎలా వస్తుంది?

కంపెనీవాళ్ళు కొలతకి వేరే మనిషిని పెడితే, రెండు రోజుల సెలవుకి దిగి వచ్చినప్పుడు ఈ ప్రశ్న కశింకోటలో దర్జీ అయిన మా బావ ముందు పెట్టాను. "సలి పైనుంచి దిగుతాది గానీ కిందనుంచి ఎక్కుతాదేటిరా? నీకు వాతం" అని బావ తేల్చేశాడు. అప్పుడే నేను ప్లైవుడ్ గదికి వెళ్ళాను. గంటసేపు వెతికితే, చలిదేశాల్లో ఉయ్యాలల్లో పడుకునే నాలాంటి పిచ్చివాళ్ళు చాలామంది ఉన్నారని తెలిసి ప్రాణం లేచొచ్చింది. వాళ్ళు చెప్పేదేమిటంటే, ఒంటి కింద పరిచింది బరువుకి అణిగిపోతుందట, అణిగిన బట్ట చలిని ఆపదట. కాబట్టి బొంతని ఉయ్యాల లోపల కాకుండా, ఉయ్యాల కింద, బయట వేలాడదీయాలట. ప్రింటు సగం వచ్చాక కరెంటు పోయింది. బొమ్మ ఉన్న ఆ సగం కాగితమే బావకి చూపించాను.

"బొంత కింద కట్టుకుని పైన పడుకుంతారా?" అన్నాడు బావ.

"అవును బావా."

"ఒంటికి తగలదా?"

"తగలకూడదట."

బావ కాగితాన్ని తిప్పి చూశాడు, తలకిందులు చేసి చూశాడు. తలకిందులు చేసినప్పుడు బొమ్మలో మనిషి మీదకి బొంత వచ్చింది. "ఇదిగో, ఇలాగ సూడాలి. ఇప్పుడు సరిపోయింది" అని తృప్తిపడ్డాడు. అలా చూస్తే చెట్లు ఆకాశంలోంచి మొలుస్తున్నాయని ఒప్పించేసరికి సాయంత్రమైంది.

చివరికి కుట్టాడు, పాపం. మా అమ్మ పాత చీరల బొంత, దాని లోపల చిరిగిన పరుపులోంచి తీసిన బూరుగుదూది, బయట యూరియా సంచుల లోపలుండే ప్లాస్టిక్కు. వానకి తడవకుండా ప్లాస్టిక్కు నా ఆలోచన. గాలి చొరకుండా దాన్ని సంచిలా పైదాకా తెచ్చి, గొంతు దగ్గర బొందు పెట్టించడం కూడా నా ఆలోచనే. (కాగితం రెండో సగంలో ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు. బహుశా ఇలా చెయ్యొద్దని ఉండి ఉంటుంది.) మిషను కింద దూది ఎగిరి బావ మీసాలు తెల్లబడ్డాయి. "ఇది మనిసికా, గేదికా?" అని దారిన పోయేవాళ్ళు అడిగితే, "వానల ఆపీసరు గారికి" అని చెప్పాడు.

నేను కొండెక్కిన రోజే వాయుగుండం పట్టింది. బొంత కట్టి, అందులో దూరి, బొందు బిగించాను. ఆహా! వీపు వెచ్చబడింది. జన్మలో మొదటిసారి నాకొక ఇంగ్లీషు కాగితం పనికొచ్చింది. పొద్దున్న లేచి చూస్తే మాత్రం నిలువునా తడిసి ఉన్నాను. చొక్కా పిండితే నీళ్ళు. టార్పాలిన్ కారుతోందనుకుని దానికో ప్లాస్టిక్కు పట్టా జోడించాను. మర్నాడు ఇంకా తడిసాను. వాన ఏటవాలుగా కొడుతోందనుకుని పట్టాని ఇంకా ముందుకి లాగి, చీకట్లో చేతికందిన గుంజకి కట్టాను. తడుస్తూనే ఉన్నాను. అంతకంటే వింత, ఆ మర్నాటినుంచి ఎనిమిదిన్నరకి వెళ్ళి గేజ్ తీస్తే సీసాలో చుక్క నీరు లేదు. చుట్టూ కొండంతా వాన హోరు. నేను తడి, సీసా పొడి. సీసాని తిప్పి చూశాను, ఊది చూశాను. ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కదా అని పుస్తకంలో గుండ్రంగా సున్న పెట్టాను. నాలుగు రోజులు, నాలుగు సున్నలు.

అయిదో రోజు ఇంజనీరు గారు గొడుగేసుకుని కొండెక్కి వచ్చారు. గొడుగు కిందే పుస్తకం తెరిచారు. పుస్తకం వంక చూశారు, ఆకాశం వంక చూశారు, మళ్ళీ పుస్తకం వంక చూశారు.

"ఈ నాలుగు రోజులూ ఇక్కడ వాన పడలేదా?" అన్నారు.

"పడిందండి."

"మరి సున్న?"

"సీసాలో పడలేదండి."

ఆయన గేజ్ దగ్గరికి నడిచారు. రోజూ తలవంచుకుని సీసా తీయడమే గానీ నేను పైకి చూసింది లేదు, అప్పుడు చూశాను నేను కూడా. నేను పట్టా కట్టిన గుంజ ఆ గేజ్ కంచెదే. వాన కొలిచే డబ్బాకి నాలుగు రోజులుగా గొడుగు పట్టింది నేనే! మా అమ్మ చర్చిలో ఈసారి ఏం సాక్ష్యం చెబుతుందా అన్నదొక్కటే బుర్రలో తిరిగింది.

"డబ్బాకి కప్పావు సరే, నువ్వెందుకిలా తడిసావు?" అన్నారాయన. "టార్పాలిన్ కారుతోందండి" అన్నాను. అంతలో నాకు రోజూ అన్నం తెచ్చే, నేను అప్ప అని పిలిచే పెద్దావిడ వచ్చింది. కింద గూడెంలో ఉంటుంది, ఎక్కువ మాట్లాడదు. బుట్ట దించి, బొంతలో చెయ్యి పెట్టి చూసి, ఆ చెయ్యి వాసన చూసుకుని ముఖం చిట్లించింది. "ఇది వాననీరు కాదు బాబూ. నీ సెమటే. అన్నంగిన్ని మీద మూతెడితే మూతకి నీళ్ళు పట్టవేటి? నువ్వు మూతెట్టుకుని తొంగున్నావు."

ఇంజనీరు గారు గొడుగు పక్కన పడేసి, పనస చెట్టుకి ఆనుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నేను ఆ గొడుగు తీసి ఆయన మీద పట్టాను. నవ్వడం అయ్యాక నాలుగు సున్నలూ కొట్టేసి, పక్కన 'లెక్క లేదు' అని రాసి సంతకం పెట్టారు. "ఇంకొకడైతే బుద్ధిగా ఏదో అంకె వేసేవాడు. నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ పట్టా విప్పు, ఉద్యోగంలో ఉండు" అన్నారు.

ఉన్నాను. ప్లాస్టిక్కు ఊడదీసి బొంత ఒక్కదాన్నే కింద వేలాడదీశాను. ఫిబ్రవరి దాకా వెచ్చగా, పొడిగా పడుకున్నాను. దిగి వచ్చేటప్పుడు దాన్ని అప్పకి ఇస్తే, ఈనిన మేకకి పరిచింది. మేకపిల్లలకి మాత్రం ఎటువైపు చలి వస్తుందన్న అనుమానం లేదు, మధ్యలో దూరి పడుకున్నాయి.

ఇప్పుడు నేను పెద్ద ఆఫీసులోనే కూర్చుంటున్నాను. నా ముందుకి వచ్చే కాగితాల్లో సగం నాకు అర్థం కావు. అయినా తల ఊపి సంతకం పెడతాను, ఖాళీ కనిపిస్తే నమ్మదగిన అంకె ఒకటి వేస్తాను, ఎవరూ అడగరు. అలాంటి సాయంత్రాల్లో ఆ కుర్రాడు గుర్తొస్తాడు. హోరువానలో, చొక్కా కారుతుండగా, ఏమీ అర్థం కాకపోయినా కన్నది కన్నట్టు గుండ్రంగా సున్న చుడుతూ. నవ్వొస్తుంది. వాడు నన్ను చూస్తే నవ్వుతాడో లేదో.