సుగుణత్తకు నేను చెప్పిన అబద్ధం

పోయిన వారం ఏఎస్ రావు నగర్‌లో కొన్న కొత్త టీవీ అట్టపెట్టెను విప్పగానే థర్మకోల్, ప్లాస్టిక్ కలిసిన ఘాటైన వాసన హాలంతా నిండింది. అలాంటి వాసనతోనే చిన్నప్పుడు నాచారంలోని మా రెండు గదుల అద్దె ఇంటికి మొదటి టీవీ వచ్చింది. దాని ముందు చాప మీద, ఒళ్లో పత్తి పెట్టుకుని దీపపు వత్తులు చేస్తూ మా మేనత్త సుగుణ కూర్చునేది.

నాలుగేళ్ల వయసులో వచ్చిన జ్వరంతో ఆమెకు వినికిడి పోయింది. వినపడని పిల్లకు చదువెందుకని బడికీ పంపలేదు. అందుకే ఆమెతో మాట్లాడటానికి నానమ్మ కొన్ని సైగలు కల్పించి ఇంటిల్లిపాదికీ నేర్పింది. నుదుట పెద్ద బొట్టు గీస్తే అత్తగారు, మెడ దగ్గర మూడు ముళ్లు వేస్తే పెళ్లి, అరచేయి బోర్లిస్తే చావు. సాయంత్రం సీరియల్ మొదలైతే ఆ మాటలన్నీ సైగల్లోకి మార్చి అత్తకు చెప్పడం నా పని. ఎండాకాలం సెలవుల్లో ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు తింటూ, ఎర్రబడిన వేళ్లతోనే అత్తాకోడళ్ల తగవులు వినిపించేదాన్ని. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు మాత్రం నాకు సెలవు; క్రికెట్ ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు, అవుటైన తీరును తనే మాకు చేతులతో చూపించేది.

ఒక దసరా సెలవుల్లో, సీరియల్‌లోని పెద్ద కోడలు పుట్టింటికి బయలుదేరుతూ ఏడుస్తూ మాట్లాడుతోంది. ఆ మాటలు ఎంతకీ తెగడం లేదు. కింద గల్లీలో దాగుడుమూతలకు నన్ను పిలుస్తున్నారు. ఏమంటోందని అత్త భుజం తట్టింది. నేను అరచేయి బోర్లించి పరుగెత్తాను. ఆ కోడలు తరువాత నాలుగైదు రోజులు తెర మీద కనిపించనే లేదు. అత్త నా మాటే నమ్మింది. ఆమె కోసం ఏడ్చింది కూడా.

బతుకమ్మ పేర్చే సాయంత్రం, తంగేడు పూల గుట్ట చుట్టూ కూర్చున్న ఆడవాళ్లకు, పాపం ఆ కోడలు ఎలా చచ్చిపోయిందో అత్త కళ్లనీళ్లతో సైగలు చేసి చెప్పింది. పక్కింటి యాదమ్మ నానమ్మ వైపు తిరిగింది.

“ఏందమ్మా, తల్లిగారింటికి పోయిన మనిషిని నీ బిడ్డ సంపి కూసున్నది?”

అందరూ నవ్వారు. ఆ నవ్వు అత్తకు వినపడలేదు గాని, తెరుచుకున్న నోళ్లన్నీ కనిపించాయి. ఆమె నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. నానమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు.

“దానికి నీ చేతులే చెవులు. గవ్వే అబద్ధం జెప్తే అదెవల్ని అడగాలె?” అంది.

ఆ రోజు నుంచి అత్త నన్ను అడగడం మానేసింది. ముఖాలు మాత్రమే చూస్తూ, తనకు తోచిన కథ తనే అల్లుకుంటూ వత్తులు చేసుకునేది.

కాలేజీ వక్తృత్వ పోటీల్లో నేను ఈ విషయం మీదే వాదించాను. వినపడనివారికి తెర మీద అక్షరాలు, సంజ్ఞా భాషలో వార్తలు ఉండాలని, అది దయ కాదు, హక్కు అని వాదించి గెలిచాను. నా వాదన తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ అక్షరాలు అత్తకు చదవడం రాదని, ఆ సంజ్ఞా భాష ఆమెకు ఎవరూ నేర్పలేదని, ఆమె కోసం టీవీని మొదట మూగదాన్ని చేసింది నేనేనని ఏ వేదిక మీదా చెప్పలేదు.

ఇప్పుడు నానమ్మ లేదు. అత్త నా దగ్గరే ఉంటోంది. మేమున్న ఇంటి చోట అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. బతుకమ్మ పేర్చిన అరుగు పార్కింగ్ కిందికి పోయింది. వాడక తగ్గి, ఇంటి సైగలు సగం మరిచిపోయాం.

నిన్న కొత్త టీవీలో వార్తలు వస్తుంటే, తెర మూల చిన్న చట్రంలో ఒకామె సంజ్ఞా భాషలో చెబుతోంది. అత్త వత్తులు పక్కన పెట్టి, ఆ చేతుల్లో తనకు తెలిసినదేదైనా ఉందేమోనని ముందుకు వంగి చాలాసేపు వెతికింది. తరువాత, ఇన్నేళ్లకు మళ్లీ, నా భుజం తట్టింది. ఏమంటోందని అడిగింది.

టీవీ ప్రసారాలు దివ్యాంగులందరికీ అందుబాటులోకి రావాలని, అది వారి హక్కని వార్త. వేదికల మీద ఎన్నోసార్లు నేను తడుముకోకుండా పలికిన మాటలే. హక్కుకు మా ఇంట్లో సైగ లేదు. అందుబాటుకూ లేదు. ఎత్తిన నా చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ఈసారైనా నిజం చెబుతానేమోనని అత్త వాటినే చూస్తూ కూర్చుంది.