కిరణాల గదిలో రెండో మనిషి

కిరణాలు నడిచేటప్పుడు గదిలో రోగి తప్ప ఇంకో మనిషి ఉండకూడదు. నా పదకొండో సిటింగులో ఎవరినో ఉంచారు. ఇదీ నా ఫిర్యాదు.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. కాలవ లాకు దగ్గర ముప్పై ఏళ్ళు తలుపులు ఎత్తి దించే లస్కరుగా పనిచేశాను. కొట్టుకొచ్చిన శవాలను తలుపుల దగ్గర నా చేతులతో బయటికి తీశాను. ఒక్కటీ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. చదువు ఐదో తరగతితో ఆగినా, చేతికి దొరికిన కాగితమల్లా చదివినవాణ్ణి. కింద మనిషి లేడని చూసుకోకుండా ఒక్కసారీ లాకు తలుపు దించలేదు.

ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు. గ్రంథి దాటి పాకలేదు గనుక నయమవుతుందన్నారు. ముందు ఐదు వారాలు బయటి నుంచి కిరణాలు. తరువాత మత్తిచ్చి, గ్రంథిలోకే సన్నటి సూదులు దింపి లోపలి నుంచి. రెండూ ఎందుకని నిలదీశాను. బయటిది చుట్టుపక్కలకి, లోపలిది అసలు చోటుకి గట్టిగా తగలడానికి అన్నారు డాక్టరుగారు. సగంలో ఆపితే లాభం లేదన్నారు.

రావులపాలెం నుంచి రోజూ బస్సులో రాజమండ్రి వెళ్ళేవాణ్ణి. పదకొండో సిటింగు రోజూ వాళ్ళు చెప్పినట్టే సీసాడు నీళ్ళు తాగి, ఒంటికి పోకుండా ఆపుకుని బల్ల మీద పడుకున్నాను. టెక్నీషియన్ అమ్మాయి నడుం మీది గుర్తులు సరిచూసి, కాళ్ళ మీద దుప్పటి కప్పి వెళ్ళింది. బరువైన తలుపు మూసుకుంది. మెషిన్ మొదలైంది.

ఎడమ పిక్క పట్టేసింది. కాలు కదపబోయాను. అప్పుడు ఒక అరచెయ్యి నా మోకాలి మీద పడి నొక్కిపెట్టింది. తడి చెయ్యి. మెషిన్ ఆగేదాకా తీయలేదు. తల ఎత్తకూడదు గనుక ఎవరో చూడలేకపోయాను.

తలుపు తీసుకుని వచ్చింది ఆ అమ్మాయి ఒక్కతే. దుప్పటి మోకాలి దగ్గర తడిసి ఉంది.

"నీళ్ళు ఎక్కువ తాగేశారా తాతగారూ?" అంది, నవ్వాపుకుంటూ.

"ఒంటికి ఎవరైనా మోకాల్లోంచి పోతారటమ్మా?" అన్నాను.

పనికి కొత్తగా చేరినవాణ్ణెవరినో లోపల మరిచిపోయి, ఆ సంగతి దాస్తున్నారని నా అనుమానం. నాకు వైద్యమైంది వాడికి విషం కదా. కెమెరా రికార్డు చూడమని రాసిచ్చాను. మిగతా సిటింగులు పూర్తిచేశాను గాని, రాతపూర్వకంగా జవాబిచ్చేదాకా సూదులు వద్దని ఇంట్లో కూర్చున్నాను. ఆలస్యం చేయవద్దని డాక్టరుగారు రెండుసార్లు ఫోన్ చేశారు.

మా ఆవిడ అన్నం పళ్ళెం ముందు పెట్టి, "మీ పంతానికి నా పసుపు కుంకుమలే దొరికాయా?" అంది. పళ్ళెం పక్కకి జరిపాను. అయినా కదల్లేదు.

చివరికి ఉత్తరం వచ్చింది. అది చదివాకే వెళ్ళి సూదులు వేయించుకున్నాను. ఇప్పటికి బాగానే ఉన్నాను. ఆ చెయ్యి ఎవరిదో మాత్రం నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. ఆసుపత్రి సేఫ్టీ ఆఫీసరుగారు రాసింది ఉన్నదున్నట్టు ఇక్కడ దింపుతున్నాను:

"అయ్యా, మీరు కోరినట్టు కెమెరా రికార్డు రెండుసార్లు చూశాము. కిరణాలు నడిచినంతసేపూ గదిలో మీరు తప్ప ఎవరూ లేరు. అయితే మీ ఎడమ మోకాలి మీద దుప్పటి అరచెయ్యంత మేర లోపలికి నొక్కుకుని, మెషిన్ ఆగాక పైకి లేచింది. దీనికి మా దగ్గర సమాధానం లేదు. సూదుల చికిత్స రోజున కిరణాలు నడిచేటప్పుడు మా తరపున ఎవరినీ మీతో లోపల ఉంచబోమని మాత్రం హామీ ఇవ్వగలము."