గీతలు కనబడని చక్రం

అనంతగిరి కొండ మీద టైర్ల కొట్టు నడిపే కృపావతికి నోటి దురుసని పేరు. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ దురుసంతా చక్రాల దగ్గరే. చర్చిలోనైనా సంతలోనైనా ఆమె గొంతు పక్కవాళ్ళకు కూడా వినబడదు. చక్రంలో గాలి ఉండగా ఎవరైనా రెంచీ పట్టుకున్నారో, ఇక వాళ్ళ ఏడు తరాలనూ దులిపేస్తుంది.

దానికి కారణం ఆమె తండ్రి ఎలీయేజరు. సాలూరులో లారీ టైర్లు విప్పేవాడు. ఒక డ్రైవరు తొందరపెడితే, గాలి పూర్తిగా తీయకుండానే చక్రం రింగు మీద సుత్తి వేశాడు. రింగు ఎగిరొచ్చి తగిలి దవడ విరిగింది. ఆ తర్వాత పదకొండేళ్ళు అంబలి తాగే బతికాడు. నోరు తిరక్క కూతుర్ని "పా" అని పిలిచేవాడు. పనంతా ఆమెకు సైగలతోనే నేర్పాడు. ఆడదానికి ఈ పనెందుకని జనం అంటుండగానే కృపావతి కొట్టు తెరిచింది.

కృపావతిని అక్క వరసలో అప్పా అని పిలిచే గాసి, తన ఊరివాళ్ళను సంతకు తిప్పే జీపును ఆమె దగ్గరికే తెస్తాడు. బొర్రా గుహల దగ్గర టూరిస్టులను తిప్పిన ఒకాయన అమ్మేస్తే కొన్న జీపు అది. దానివి బీడ్‌లాక్ చక్రాలు. కొండవాళ్ళు రింగు చక్రాలంటారు. గాసి ఊరి రాళ్ళదారిలో పట్టు దొరకాలంటే టైర్లలో గాలి తగ్గించుకోవాలి. గాలి తగ్గితే టైరు అంచు చక్రం మీంచి జారిపోతుంది. అలా జారకుండా అంచు మీద ఇనుప రింగు వేసి, చుట్టూ ఇరవై నాలుగు బోల్టులతో బిగిస్తారు. కుదుపులకు ఆ బోల్టులు వదులవుతాయి. అందుకే కృపావతి ఒక్కో బోల్టు తల మీంచి రింగు మీదికి తెల్లరంగుతో గీత గీసింది. బోల్టు ఇసుమంత తిరిగినా గీత విరుగుతుంది. అది చూడడానికి చదువక్కర్లేదు, కళ్ళుంటే చాలు.

ఆ శుక్రవారం గాసి కొండ కింది సంతకని తొమ్మిదిమంది ఆడవాళ్ళను ఎక్కించుకుని కొట్టు దగ్గరికి వచ్చాడు. ముందు సీట్లో అతని తల్లి సోములమ్మ కూర్చుంది. తారురోడ్డెక్కి ఘాటీ మలుపుల్లో కిందికి దిగేముందు నాలుగు టైర్లకూ మళ్ళీ గాలి నింపుకోవాలి. కృపావతి గొట్టం పట్టుకుని ముందు చక్రం దగ్గర వంగి ఆగిపోయింది. చక్రమంతా మందంగా పసుపు, మీద కుంకుమ బొట్లు. ఒక్క గీతా కనబడలేదు.

"గాసీ, పసుపు కడుగు. గీతలు సూడాల."

"నిన్ననే అమ్మోరి పూజ సేసినాం అప్పా! అప్పుడే కడిగీమంటావేటి? బేగి గాలి కొట్టు, సంతకి టైమైపోతంది."

"సూడకుండా కొట్టను."

"మీ దేవుడు వేరు. మా పసుపు సంగతి నీకేటి తెలుస్తాది?"

ఆ మాట కృపావతికి ముల్లులా గుచ్చుకుంది. జీపులోని ఆడవాళ్ళు తలలు తిప్పుకున్నారు. వాళ్ళలో ముగ్గురి కాన్పులకు తోడుండి ఆసుపత్రిదాకా వెళ్ళిన మనిషి ఆమె. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. గాలి కొట్టి పంపేస్తే గొడవ తీరిపోయేది. కానీ ఆ చక్రం ఘాటీ మలుపులో విడిపోతే తొమ్మిది కుటుంబాలకు ఏం చెబుతుంది? గొట్టం కొక్కేనికి తగిలించి, గాలి మిషను కట్టేసి, చక్రం ముందు పీట వేసుకుని కూర్చుంది. ఇక ఆమెది ఉడుంపట్టు.

సోములమ్మ దిగి వచ్చింది.

"అత్తా, నీ సేత్తో ఎట్టిన పసుపు ఇది. నాను ముట్టను. నువ్వే సెప్పు" అంది కృపావతి.

ముసలామె వంగి చక్రం మీద చెయ్యి వేసింది. "అమ్మోరు మనల్ని కాయాలనే పసుపు ఎట్టినాను గానీ, బోల్టులు సూడొద్దని ఎట్టలేదు. నీళ్ళు తేవే గుంటా."

కృపావతి నీళ్ళు తెస్తే సోములమ్మ తానే కడిగింది. ఆ నీళ్ళు ఎవరూ తొక్కకుండా బేసిన్లో పట్టి, పక్కనున్న కాఫీ మొక్క మొదట్లో పోసింది. పసుపు కింద తొమ్మిది గీతలు విరిగి ఉన్నాయి. ఒకచోట పక్కపక్కనే రెండు బోల్టులకు తలలే లేవు. సరిగ్గా ఆ చక్రం పైనే సోములమ్మ సీటు.

గాసి గబుక్కున రెంచీ అందుకున్నాడు. "ఉన్నవి బిగించీసి..."

కృపావతి అతని మణికట్టు పట్టేసింది. "లోపల ఇంకా గాలుంది. ఇప్పుడు రెంచీ ఎట్టినావంటే నీ సెయ్యి నానే ఇరిసీగలను!"

వాల్వు విప్పింది. బుస పూర్తిగా ఆగేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. విరిగినవి తీసేసి అదే రకం కొత్త బోల్టులు వేసింది. వరసగా కాకుండా, ఒకదాని తర్వాత దానికి ఎదురుగా ఉన్నదాన్ని, కొంచెం కొంచెంగా బిగించింది. చివరి చుట్టు మాత్రం బిగువు చాలగానే టక్కుమనే రెంచీతో తిప్పింది. కొత్త గీతలు గీసి, పక్కకు జరిగి నిలబడి గాలి కొట్టింది. ఎండ నడినెత్తికొచ్చింది.

"ఎల్దుమా అప్పా?" అన్నాడు గాసి మెల్లగా.

"ఇంకా మూడు సక్రాలున్నాయి."

సంత సగం అయిపోయి ఉంటుందని జీపులో ఎవరో గొణిగారు. గాసి వెనక్కి తిరిగి చూడలేదు. బేసిన్లో నీళ్ళు పట్టుకొచ్చి రెండో చక్రం దగ్గర చెప్పులు విడిచాడు. ఓసారి దండం పెట్టుకుని, తన చేత్తోనే పసుపు కడగడం మొదలుపెట్టాడు.