చప్పుడు చేయని క్లాసు

డాక్టర్ల చేతిరాత చదవడం నా తలరాత. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే మెడికల్ కోడింగ్ నేర్పిస్తానని చెప్తాను. రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటావిడకి అందులో మొదటి సగమే వినపడింది. అప్పటినుంచి కాలనీలో ఎవరికి విరేచనాలు పట్టుకున్నా మోగేది మా ఇంటి గంటే. నేను రోగం కుదిర్చే మనిషిని కాదండీ, రోగానికి నంబరు కుదిర్చే మనిషిని అంటే, "అలాగేలెండి, ఒక మాత్ర పేరు చెప్పండి" అంటుంది. మా అత్తగారేమో, కోడలిగా కుదురుకోలేనిది కోడింగ్‌లో కుదురుకుందని వచ్చినవాళ్లందరికీ చెప్తారు. అది పొగడ్తో కాదో ఇంకా తేల్చుకోలేదు.

పని చెప్పడానికి తేలికే. డాక్టరు కేసు షీటులో రాసింది చదివి, ప్రతి జబ్బుకీ ప్రతి చికిత్సకీ పుస్తకంలో ఉన్న కోడ్ వెయ్యాలి. ఆ కోడ్ చూసే బీమా వాళ్లు డబ్బివ్వడానికి కదులుతారు. శనివారాలు డాక్టర్లకీ పాఠం చెప్తాను, "పేషెంట్ బాగానే ఉన్నాడు" అని వదిలెయ్యకుండా ఏం బాగుందో రాయమని. వాళ్లు శ్రద్ధగా తలలూపి, సమోసాలు తిని, వార్డుకి పోయి మళ్లీ "బాగానే ఉన్నాడు" అని రాస్తారు.

మిగతా రోజులు ఈ గుజరాతీ ఊళ్లో రింగ్ రోడ్డు మీద, చీరల మార్కెట్ల నడుమ ఉన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిలకి క్లాసు. ఆ బిల్డింగ్ లిఫ్టులో చీరల మూటలకి పోగా చోటు మిగిలితే మనుషులెక్కాలి. అందుకని నేను మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూనే మొదటి సూత్రం చెప్తాను: రాయనిది జరగనట్లే. డాక్టరు రోగిని గంటసేపు చూసినా సరే, కాగితం మీద లేకపోతే చూడనట్టే. మనం ఊహించి కోడ్ వెయ్యకూడదు, అనుమానముంటే డాక్టర్నే అడగాలి.

పోయినేడాది బ్యాచ్ నాకు గర్వకారణం. అంత నిశ్శబ్దమైన క్లాసు నేనెప్పుడూ చూడలేదు. నేను చెప్తుంటే ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. నా పాఠంలోనే ఏదో మహిమ ఉందనుకున్నాను. మా మేనేజర్ని పిలిచి అద్దం గోడ బయటినుంచి చూపించాను కూడా. గుజరాతీ ఆయన, ఆడవాళ్లందర్నీ బెన్, అంటే అక్కా, అనే పిలుస్తాడు. ఒక నిమిషం చూసి, "బెన్, నిద్రపోతున్నారేమో చూడండి" అన్నాడు.

వాళ్లలో ఒకమ్మాయి మీద నాకు ఎక్కువ ఆశ. క్లాసులో చాలామందిలాగే, లింబాయత్ అనే కార్ఖానాల పేటలో ఉండే నేతవాళ్ల పిల్ల. తండ్రి తెలంగాణ నుంచి వచ్చి పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేస్తున్నాడు. తల్లి ఇంట్లో కూర్చుని చీరలకి మెరుపు రాళ్లు అంటిస్తుంది. కూతుర్ని కూడా ఆ పనిలోనే పెడతానని, ఆ పని ఇచ్చే రాళ్ల సేఠ్‌కి తండ్రి అప్పటికే మాటిచ్చాడట. మా ఆఖరి పరీక్ష పాసై ఉద్యోగం ఖాయమైతే సరే, లేకపోతే రాళ్ల పనికి కూర్చోవాలని తండ్రీ కూతుళ్ల ఒప్పందం.

పరీక్ష రోజు నేను కిటికీ దగ్గర నిలబడి కింద మూటలు మోసేవాళ్లని చూస్తున్నాను. ఇటు తిరిగేసరికి ఆ అమ్మాయి పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. రెండు వేళ్లు గాలిలో తిప్పింది. గది అవతలి మూల ఆమె వీధిలోనే ఉండే స్నేహితురాలు తలూపి, పేపర్లో ఏదో కొట్టేసింది.

"మాట్లాడుతున్నావా?" అన్నాను.

"చప్పుడు చేసిన్నా మేడమ్?"

నేను వెళ్లి ఎదురుగా నిలబడితే చెప్పింది. కార్ఖానాలో సాంచాలు, అంటే ఆ మరమగ్గాలు, నడుస్తుంటే చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్లు పెదాలతో, చేతులతో మాట్లాడుకుంటారు. పక్కనే పెరిగే పిల్లలకి మామూలు మాటలతో పాటే అదీ వచ్చేస్తుంది.

"ఇన్నాళ్లూ క్లాసులో ఇదేనా?"

"గిదే మేడమ్."

"ఏం మాట్లాడుకునేవాళ్లు?"

"ఎక్కువ మీ ముచ్చటే." లేని కళ్లజోడుని నాలాగే వేలితో ముక్కు మీదికి తోసినట్టు చేసి, బుగ్గలు పూరించి, ఆయాసంగా వదిలింది. "గది మీ పేరు."

క్లాసంతా నవ్వింది. ఈసారి చప్పుడుతోనే.

"పరీక్షలో ఆ అమ్మాయికేం చెప్పావు?"

"డాక్టర్ను అడగకుంట ఆ కోడ్ వెయ్యకని చెప్పిన."

"దాన్ని కాపీ అంటారు."

"రాయనిది జరగనట్లే అన్నరు గదా మేడమ్. నేనేడ రాసిన?"

నా సూత్రం ఇంత బాగా ఒంటబట్టించుకున్న విద్యార్థి అంతకుముందు దొరకలేదు. ఇద్దరి పేపర్లూ లాక్కున్నాను. మేనేజర్ ఇద్దర్నీ తీసెయ్యమన్నాడు. నేను బతిమాలితే, విడివిడిగా మళ్లీ పరీక్ష పెట్టమన్నాడు, అదే ఆఖరు. ఆ అమ్మాయి వంతు వచ్చిన రోజు తండ్రి కూడా వచ్చాడు. ఆయన గొంతుకి అంతస్తంతా ఇటు తిరిగింది.

"మేడమ్, మొకం ఇటు పెట్టి చెప్పుండ్రి. నా చెవులు సాంచాలు తిన్నయి. ఏం జేసింది మా పిల్ల?"

పరీక్షలో మాట్లాడిందని నెమ్మదిగా చెప్పాను. ఆయన కూతురి వైపు తిరిగాడు.

"కనపడేటట్టు మాట్లాడుతరానే? కార్ఖానా సేఠ్ ముంగట మేం గిట్లనే మాట్లాడుతమా?" మళ్లీ నా వైపు తిరిగి, "పెట్టుండ్రి పరీక్ష. తప్పితే రేపట్నుంచి అమ్మతోని రాళ్లకు కూసుంటది. మాటంటే మాటే."

ఆ అమ్మాయి తల దించుకుంది. పెన్ను తీసుకుని గదిలోకి నడిచింది.

ఆయన్ని అద్దం గోడ అవతల, ఇటు వీపు పెట్టి కూర్చోమన్నాను. గదిలో మేమిద్దరమే. అనుమానానికి తావు లేకుండా ఆమె ఎదురుగానే కుర్చీ వేసుకుని, జవాబుల కాగితం ఆమెకి కనపడకుండా గుండెల దగ్గర నిలువుగా పట్టుకుని చదువుకుంటున్నాను. కాసేపటికి చూస్తే రాయడం మానేసి నా మొహంలోకి చూస్తోంది.

"ఏంటి?"

"మేడమ్, జర నోరు మూసుకుంటరా."

నా ఉద్యోగ జీవితంలో డాక్టర్లు కూడా ఇంత సూటిగా అనలేదు.

"మీరు జవాబులన్నీ చెప్తున్నరు," అంది. "రెండు చూసిన. ఇంక చూస్తే బాగుండదు."

అప్పుడు తెలిసింది, చదివేటప్పుడు నా పెదాలు కదుల్తాయని. అంకెలైతే తెలుగులోనే గొణుక్కుంటాను.

"అయితే పోయిన పరీక్షలో కూడానా?"

"అప్పుడు మీరు కిటికీ దిక్కు చూసిన్రు."

ఆ రెండు ప్రశ్నలూ కొట్టేసి వేరే రెండు ఇచ్చాను. కొంగు నోట్లో కుక్కుకుని, ఊపిరి కూడా అనుమానంగా వదుల్తూ చివరిదాకా కూర్చున్నాను. ఆమె రాసి ఇచ్చింది. అక్కడే దిద్దాను. రెండు తప్పులు. అయినా పాసు మార్కు దాటింది.

తండ్రికి చెప్దామని అద్దం మీద తట్టాను. ఆఫీసంతా తిరిగి చూసింది, ఆయన తప్ప. చివరికి మేనేజరే వెళ్లి భుజం తట్టాడు. ఆయన లేచి ఇటు తిరిగాడు. నేను గొంతు లేకుండా, పెదాలు బాగా కదిపి, "పాసైంది" అన్నాను. ఆయన నన్నూ, కూతుర్నీ చూసి, పెదాలు ఆడిస్తూ చేతులు తిప్పుతూ ఏదో పొడుగ్గా చెప్పాడు. నాకొక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమంటున్నారు?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"రాళ్ల సేఠ్‌కు మా పిల్ల రాదని ఇయ్యాల్నే చెప్పొస్త అంటున్నడు."

ఆయన చెప్పులు వేసుకుని మెట్ల వైపు వెళ్లాడు. ఆ అమ్మాయి తన పేపరు ముందేసుకుని, నేను తప్పు పెట్టిన రెండు కోడ్‌ల మీద నాతో వాదించడానికి కుర్చీ దగ్గరికి లాక్కుంది.