గడీ గోడకు నేను వేయించిన సిమెంట్

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు నేను నారాయణఖేడ్‌లో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీర్‌గా పనిచేస్తున్నాను. సర్కారు భవనాల్లో ఏది కారుతోందో, ఏది కూలేలా ఉందో చూసి మరమ్మతులకు ఎస్టిమేట్ వేయడం నా పని. సర్వీసు మొత్తంలో ఎన్నో గోడలు కట్టించాను, కొన్నింటిని పడగొట్టించాను. చాలావాటిని మర్చిపోయాను. కంగ్టి వైపు ఒక ఊళ్లో ఉన్న గడీని, దొరల కోటలాంటి ఇంటిని, మాత్రం మర్చిపోలేదు. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ గడీని మూడు తరాల కింద ఒక దేశ్‌ముఖ్ దొర కట్టించాడు. నాలుగు వైపులా గదులు, నడుమ వాకిలి, రెండు మూరల మందం రాతి గోడలు, వాటి మీద డంగు సున్నం పూత. సున్నం, ఇసుక కలిపి, రాతి చక్రం కింద రోజుల తరబడి నూరితే వచ్చే ముద్దను డంగు సున్నం అంటారు. నూరింది ఊరి జనమే, వెట్టికి. పోలీస్ యాక్షన్ తర్వాత దొరలు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. ఖాళీ పడిన గడీలో కొన్నాళ్లు పోలీసులున్నారు, ఆ తర్వాత ధాన్యం బస్తాలున్నాయి, ఆ తర్వాత బడి నడిచింది. వెట్టికి రానన్నవాళ్లను కట్టేసి కొట్టిన గదిలో పిల్లలు ఎక్కాలు చదివారు. బడికి కొత్త బిల్డింగ్ వచ్చాక గడీ సీజనల్ హాస్టల్ అయింది.

సీజనల్ హాస్టల్ సంగతి బయటివాళ్లకు తెలియకపోవచ్చు. దసరా దాటగానే ఇక్కడి తండాల నుంచి జనం లారీలెక్కి చెరుకు నరకడానికి వెళ్తారు. మళ్లీ వచ్చేసరికి ఎండలు ముదురుతాయి. పిల్లల్ని వెంట తీసుకెళ్తే వాళ్ల చదువు అంతటితో సరి. అందుకని ఆ నెలల్లో వాళ్లకు తిండి, పడక ఇచ్చి ఊళ్లోనే ఉంచుతారు. గడీలో నలభై మంది దాకా ఉండేవాళ్లు. వాళ్లకు వండిపెట్టేది సునందమ్మ. ఆదివారం చర్చి నుంచి వచ్చీ రాగానే కొంగు దోపుకుని పొయ్యి ముట్టించేది. ఆమె నోటికి వార్డెన్ కూడా జడిసేవాడు.

ఆ వేసవిలో వంటగది, దాని పక్క గదులు రెండూ పెచ్చులూడుతున్నాయని నన్ను పంపారు. డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీలు దొరకడం కష్టం, దొరికినా పని నెలలు పడుతుంది. సిమెంట్ పూత అయితే పది రోజుల్లో అయిపోతుంది. సిమెంట్‌కే ఎస్టిమేట్ వేశాను. మేస్త్రీలు పాత సున్నం చెక్కుతుంటే సునందమ్మ గరిటె చేత్తో పట్టుకునే వచ్చింది.

"సారూ, గీ గోడకు సిమెంట్ వేస్తున్నవా?"

"అవును. ఇగ నీకు పెచ్చుల బాధ ఉండదు."

"గట్ల గాదు సారు. మా తాత గీ గోడ కట్టినోళ్లల్ల ఒకడు. గోడ వానకు తాగుతది, ఎండకు ఆరుతది అనేటోడు. గట్టిగ మూసేస్తే నీళ్లు యాడికి పోతయి? లోపట్నే కుళ్లుతది."

నేను నవ్వాను. "నువ్వు పప్పు సంగతి చూసుకో సునందమ్మా. గోడ సంగతి నేను చూసుకుంటా."

మేస్త్రీలు కూడా నవ్వారు. ఆమె లోపలికి వెళ్లింది. పని అయ్యాక గోడలు నున్నగా మెరిశాయి. మా డీఈఈ, అంటే నా పై ఆఫీసర్, భుజం తట్టాడు. నేనూ పొంగిపోయాను.

రెండు వానాకాలాలు గడిచాయి. మూడో వానాకాలంలో వంటగది గోడకు సిమెంట్ పూత రొట్టెలా ఉబ్బి, ఒక పలక ఊడి పొయ్యి మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఊడినచోట చూస్తే లోపలి సున్నం తడి పిండిలా చేతికొచ్చింది, నిలువునా ఒక పగులు కనబడింది. ఆమె చెప్పింది చెప్పినట్టే జరిగింది. సున్నపు గోడ నేల నుంచి పీల్చిన తడిని బయటికి వదులుతుంది, సిమెంట్ వదలనివ్వదు. ఇది నేను కాలేజీలో చదువుకున్న విషయమే.

పగులు ప్రమాదమా కాదా తేల్చడానికి మా దగ్గర టెల్‌టేల్ అనే పద్ధతి ఉంది. పగులుకు అడ్డంగా సన్నటి గాజు పలకలు అతికించి వదిలేస్తాం. గోడ కదులుతుంటే గాజు పగులుతుంది. ఆరు పలకలు అతికించాను. నెల రోజుల తర్వాత చూస్తే ఆరూ చెక్కుచెదరలేదు. గోడ పడిపోయే రకం కాదు. ఉన్న సిమెంట్ గీకేసి, గోడను ఆరనిచ్చి, మళ్లీ సున్నం పెడితే చాలు. ఆ మూడు గదులు మూసి, మిగతా గడీలో పిల్లల్ని నిశ్చింతగా ఉంచవచ్చు.

అయితే కండిషన్ రిపోర్ట్‌లో 'కాజ్ ఆఫ్ డిస్ట్రెస్' అని ఒక కాలమ్ ఉంటుంది. గోడ ఎందుకు దెబ్బతిన్నదో అందులో రాయాలి. అది రాస్తే సిమెంట్ వేయించింది ఎవరని అడుగుతారు. ఆ ఏడు నా ప్రమోషన్ ఫైలు కదులుతోంది.

డీఈఈ కూడా ఎస్టిమేట్ మీద సంతకం పెట్టినవాడే. "పాత గడీ. పాతబడ్డది, అంతే. పిల్లలు పండుకునే జాగ, రేపు ఏమన్న అయితే ఎవరి మెడకు చుట్టుకుంటది? మొత్తం అన్‌ఫిట్ అని రాసెయ్. ఇద్దరం బతికిపోతం" అన్నాడు.

రాసేశాను. భవనం మొత్తం నివాసానికి పనికిరాదని రాసి సంతకం పెట్టాను. కాజ్ ఆఫ్ డిస్ట్రెస్ కాలమ్‌లో 'పురాతన కట్టడం' అన్నాను. పిల్లల క్షేమం కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధమని రాస్తున్నప్పుడే తెలుసు.

హాస్టల్‌కు వేరే భవనం చూస్తామన్నారు, చూడలేదు. దసరా దాటింది. ఒకరోజు మనూర్ వైపు పనికి వెళ్తుంటే రోడ్డు పక్కన లారీ ఆగి ఉంది. వంటసామాను మూటల మీద పిల్లలు కూర్చున్నారు. అందులో జ్యోతి ఒకతి. ఐదో తరగతి పిల్ల. నేను గడీకి వెళ్లినప్పుడల్లా టేపు రెండో కొస పట్టుకుని, అడుగులు, అంగుళాలు నాకంటే ముందు చదివేది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

"సార్, గోడ బాగైందా? మేం మల్ల ఎప్పుడు రావాలె?"

"జల్దీనే" అన్నాను. ఇంకేం అనగలను? బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాను.

సర్కారుకే అక్కర్లేని గడీ మాకిచ్చేయండని దొర మనవడు అర్జీ పెట్టుకున్నాడు. నా రిపోర్టే అతనికి ఆధారం. గడీ అతని చేతికి వెళ్లింది. నాకు ప్రమోషన్ మీద వేరే ఊరికి బదిలీ అయింది.

పోయిన ఏడాది ఒక స్నేహితుడి కూతురి పెళ్లికని మళ్లీ అక్కడికి వెళ్లాను. గడీ ఇప్పుడు ఫంక్షన్ హాల్. గోడలు పాలలా తెల్లగా ఉన్నాయి. దొర మనవడు నన్ను గుర్తుపట్టి, తిప్పి చూపించాడు. "బీదర్ నుంచి మేస్త్రీలను తెచ్చిన సార్. సిమెంట్ అంతా గీకేసి, ఒక ఎండాకాలం ఆరబెట్టి, డంగు సున్నం పెట్టిండ్రు. జర్మనీల కోటలను హోటళ్లు చేసుకుంటరు చూడుండ్రి, గట్ల చేద్దామనుకున్న" అని ఫోన్‌లో ఏవో కోటల ఫొటోలు చూపించాడు. నేను తలూపుతూ నిలబడ్డాను. నేను రిపోర్ట్‌లో నాలుగు వాక్యాల్లో రాయాల్సిన పనిని ఎవరో చేసి చూపిస్తే చూడటం ఎలా ఉంటుందో చెప్పలేను.

చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే పాత వంటగది ముందు సునందమ్మ పెళ్లి వంట గుండిగలు తోముతోంది. జుట్టు నెరిసింది. లేవలేదు.

"మంచిగున్నవా సారు?"

"ఉన్న. నువ్వు ఇక్కడ..."

"పెండ్లిళ్లున్ననాడు పిలుస్తరు." తోముతూనే అడిగింది. "గీ గోడ కూలుతదని రాసినవంట గదా. మరి గిట్లెట్ల నిలవడ్డది?"

ఆరేళ్లలో ఎవరూ నన్ను అడగని ప్రశ్న. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి నిజం చెప్పాను. "గోడ మంచిదే సునందమ్మా. నేను వేసిన సిమెంటే చెడగొట్టింది. అది రాస్తే నా మీదికి వస్తదని రాయలే."

ఆమె తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. గుండిగ బోర్లించి, "జ్యోతి యాదికున్నదా?" అంది.

"ఉంది. ఏం చదువుతుంది?"

"ఏం చదువు సారు. పోయినకాడ్నే రెండేండ్లు చెరుకు మోపులు మోసింది. మల్లొచ్చి బడికి పోతనని ఏడ్చింది. గని తోటిపిల్లలు ముందటికి పోయిండ్రు, సిగ్గుకు పోలే. మొన్న ఎండాకాలం పెండ్లి జేసిండ్రు."

ఆమె ఇంకో గుండిగ దగ్గరికి లాక్కుంది.

"గా ముచ్చట నాకు చెప్పెటందుకు ఇన్నేండ్లు పట్టెనా? గప్పుడు చెప్తే నీకేం పోతుండె?"

ఏం పోయేదో నాకు బాగా తెలుసు. ఒక మెమో వచ్చేది. ప్రమోషన్ ఒక ఏడాది వెనక్కి పోయేది. అంతే. మా వృత్తిలో తప్పు చేయనివాళ్లు లేరు, తప్పు గోడను దిద్దే దారి ఎప్పుడూ ఉంటుంది. నేను మాత్రం గోడ చెడిందని పిల్లల్ని పంపించాను, చెడగొట్టినవాణ్ని సర్వీసులో ఉంచుకున్నాను.