నీళ్లు మోసిన బరువు

ఆ దర్జీ ఆవిడ రోజూ పొద్దున్నే ఈతకొలనుకు వెళ్లేది. నెలసరి ఆగిపోయాక ఎముకలు గుల్లబారతాయని, ఒంటికి శ్రమ ఉండాలని ఎవరో భయపెట్టారు. మోకాళ్ల నొప్పులకు ఈతే హాయనుకుంది. పగలంతా కుట్టుమిషను మీద వంగిన ఆ వీపు నీళ్లలో పడగానే చేపలా సాగేది. ఈత అయ్యాక ఆవిడా తోడికోడలూ బల్ల మీద కూర్చుని ఒకరి జడ ఒకరు వేసుకునేవాళ్లు. ఏడాది కిందట తోడికోడలు రావడం మానేసింది. "నాకా నీళ్లు పడటం లేదక్కా, ఊరికే జలుబు చేస్తోంది" అంది. ఈవిడ నమ్మి, మిరియాల కషాయం కూడా కాచి ఇచ్చింది.

మొన్న గుమ్మంలో కాలు జారి చెయ్యి ఆనిస్తే కుడి మణికట్టు పుటుక్కున విరిగింది. డాక్టరమ్మ కట్టు వేస్తూ, "ఈత గుండెకు మంచిదే. కానీ మీ బరువంతా నీళ్లే మోస్తుంటే ఎముక గట్టిపడేదెలా? నడవాలి, మెట్లెక్కాలి, బరువులెత్తాలి. కిందటేడు మీ తోడికోడలితో చెప్పి, మీకూ చెప్పమన్నానే! ఆవిడ చక్కగా చేస్తోంది" అంది.

సాయంత్రం తోడికోడలు దువ్వెన పట్టుకుని వచ్చింది. "చెబుదామనే అనుకున్నానక్కా. ఇంట్లో అన్నిటికీ నిన్నే మెచ్చుకుంటారు. ఒక్కదాంట్లోనైనా నేను ముందుండాలనిపించింది" అని తల దించుకుంది. ఈవిడ అలవాటుగా అటు తిరిగి కూర్చుంది కూడా. జుట్టు మీద చెయ్యి పడగానే మాత్రం గిరుక్కున ఇటు తిరిగి, ఎడమచేత్తో దువ్వెన లాక్కుని, "నీకు వీపు అప్పగించి కూర్చోవడం ఇక నావల్ల కాదమ్మా" అంది.