సోనారి హాల్లో కుర్చీ

యోగిత మా రైల్వే కాలనీ పిల్ల. పర్సుడీహ్ వైపు క్వార్టర్లలో పుట్టింది, అక్కడే పెరిగింది. నాన్న వెంకటరావు టాటానగర్ స్టేషన్‌లో రైళ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. రాష్ట్ర సివిల్ సర్వీసు రాత పరీక్ష గట్టెక్కిన పిల్ల మా కాలనీ తెలుగువాళ్లలో తనొక్కతే. ఇక మిగిలింది ఇంటర్వ్యూ. వయసు దాటిపోతోంది కాబట్టి అదే ఆఖరి అవకాశం.

ఆ పిల్లకి చదువు వచ్చు, మాటే రాదు. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది. పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషి ఎదురైతే మాత్రం గొంతు ఎండిపోతుంది. కోచింగ్ సెంటర్ మాస్టారిది ఎప్పుడూ ఒకటే పాట. "పహ్‌చాన్ బనావో! ఆఫీసర్లతో పరిచయం పెంచుకో. వాళ్ల ముందు కూర్చుని మాట్లాడటం అలవాటవ్వాలి." చెప్పడానికేం, ఎన్నయినా చెబుతారు. పరిచయాలేమైనా బజార్లో తూకానికి అమ్ముతారా?

టెల్కో కాలనీ ఇంజనీర్ల పిల్లలకి పెద్దవాళ్ల పరిచయాలు భోజనాల బల్ల దగ్గరే దొరుకుతాయి. మావాళ్లకి వినాయకచవితి పందిరే దిక్కు. ఏటేటా మా తెలుగు సంఘం ఎక్కడున్నాడో వెతికి ఒక తెలుగు ఆఫీసరుని పట్టుకొస్తుంది. శాలువా కప్పి, "మన మనిషి" అని చప్పట్లు కొడుతుంది. ఆ ఏడు దొరికినాయన భీమశంకర్ గారు. ఆయనా, మరికొందరు ఆఫీసర్లూ ఆదివారాలు సోనారిలో ఒక హాల్లో కూర్చుని, ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకి ప్రశ్నలడిగి తర్ఫీదు ఇస్తారట. ఫీజు లేదు గానీ, ఆఫీసరు ఎవరైనా చెబితేనే చోటు. యోగిత కోరుకున్నది ఆ హాల్లో ఒక్క కుర్చీ.

పందిట్లో ప్రసాదం అందిస్తూ వెంకటరావు అడిగాడు. "బాబుగారూ, మా పిల్లని ఓపాలి మీ ఇంటికి తీసుకొత్తాను." ఆయన నవ్వి, తప్పకుండా రమ్మన్నారు.

బయల్దేరే ముందు యోగిత అద్దం ముందు నాలుగు మాటలు బట్టీ పట్టింది. "నాన్నా, ఆప్ కుచ్ మత్ బోల్నా. నేనే అడుగుతాను" అని తండ్రికి మరీ మరీ చెప్పింది.

"నాకేటి పనే? నోరు కుట్టీసుకుంతాను" అన్నాడు వెంకటరావు.

కుట్టుకోలేదు. ఎలా కుట్టుకుంటాడు? సెలవు కోసం, క్వార్టరు కోసం, డ్యూటీ మార్పు కోసం జీవితమంతా చెప్పులు బయట వదిలి ఆఫీసరు గదిలో నిలబడ్డ మనిషి. ఎంత చిన్నది అడిగితే అంత త్వరగా దొరుకుతుందని నేర్చుకున్నవాడు. వాళ్లింటికి వెళ్లగానే భీమశంకర్ గారు "చెప్పమ్మా, ఏం కావాలి?" అన్నారు. యోగిత నోరు తెరిచింది. మాట రాలేదు. ఆ నిశ్శబ్దాన్ని తండ్రి భరించలేకపోయాడు.

సోఫాలో కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డవాడు చేతులు జోడించేశాడు. "బాబూ, పిల్ల బాగా సదివింది. తమరి ఆపీసులో ఏదో ఓ సిన్న పని ఇప్పించండి. తమరి పేరు సెప్పుకుని బతుకుతాది."

"నాన్నా!" అంది యోగిత. అప్పటికే ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. మనిషి చెడ్డవాడు కాదు, అదే కదా ఏడుపు. ఉన్న పాటున తన ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని ఖాయం చేశారు. ఆయన భార్య వసంతలక్ష్మి గారు లోపల్నుంచి లడ్డూ తెచ్చి పిల్ల చేతిలో పెట్టారు. చేతిలో లడ్డూ పట్టుకుని, ఇది కాదండీ నాకు కావలసింది అని ఎవరనగలరు?

తిరుగుదారిలో ఆటోలో యోగిత ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నాడు వెంకటరావు.

పనిలో చేరాక ధైర్యం కూడగట్టుకుని ఆయన గదికి వెళ్లి ఆ కుర్చీ సంగతి అడిగింది. భీమశంకర్ గారు నిజంగానే నొచ్చుకున్నారు. "అయ్యో, ఆ రోజే చెప్పాల్సింది కదమ్మా! ఇప్పుడు నువ్వు నా స్టాఫ్. పైగా తెలుగమ్మాయివి. నిన్ను కూర్చోబెడితే, సొంతవాళ్లకే చోటిచ్చానని మిగతా ఆఫీసర్లు అనరూ?" ఆయన మాటలో తప్పు పట్టడానికేమీ లేదు.

స్టాఫ్ కాకపోతేనే ఆ కుర్చీ దొరుకుతుందంటే, ఉద్యోగమే మానేస్తానని ఇంట్లో చెప్పింది. "మానీసి? ఆ బాబు మొకం ఎలాగ సూత్తాం? రేపు మనోళ్ల పిల్లలకి ఇంకేటైనా సేత్తాడా?" అన్నాడు వెంకటరావు. సంఘం పెద్ద గోవిందరావు పనిగట్టుకుని వచ్చి అదే అన్నాడు. దొరక్క దొరక్క దొరికిన ఆఫీసరు. ఆ పరిచయం కాలనీ మొత్తానిది, ఒక్క పిల్ల దాన్ని పాడు చేయకూడదట. పక్క క్వార్టర్లోంచి వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. యోగిత మానలేదు.

రాంచీలో ఇంటర్వ్యూకి వెళ్లింది. బోర్డు అడిగినవన్నీ తెలుసు. జవాబులు గొంతు దాటి రాలేదు. ఫలితాల్లో తన పేరు లేదు.

ఇప్పుడు ఆదివారాలు కూడా తనకి పనే. నమ్మకస్తురాలని సోనారి హాలు బాధ్యత భీమశంకర్ గారు తనకే అప్పగించారు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి లోపలికి పంపుతుంది. గొంతు ఎండిపోయినవాళ్లకి మంచినీళ్లు ఇచ్చి, "ఘబ్‌రావో మత్" అని ధైర్యం చెబుతుంది. లోపలి ప్రశ్నలు బయటికి వినిపిస్తూనే ఉంటాయి. జవాబులు తనలో తనే గొణుక్కుంటుంది.

సాయంత్రం ఇంటికి రాగానే వెంకటరావు టీ గ్లాసు అందిస్తాడు. "సూసావా? ఆ రోజు నాను నోరు తెరవబట్టి గానీ, లేకపోతే ఆ బాబు కాడ నీకింత ఇలవ ఉంతాదా?"

"అవును నాన్నా" అంటుంది యోగిత.